లగేజీ గది రిజిస్టరు, వెనక పేజీలు

ఒరూరో బస్టాండులో రాత్రి డ్యూటీ నాది.
సంచి తీసుకుని టోకెనిస్తాను,
టోకెన్ తీసుకుని సంచిస్తాను.
పదకొండేళ్ళుగా ఇంతే.
ఎంత ఎత్తులో ఉందంటే మా ఊరు,
నీళ్ళు గబగబా మరుగుతాయి,
బంగాళదుంప మాత్రం ఓ పట్టాన ఉడకదు.
చలికి తాళంచెవి వేలికి అతుక్కుంటుంది.

ఓ రాత్రి రెండున్నరకి, ఉయూని బస్సు ఆలస్యమై,
ఒక పొడుగు కుర్రాడు కిటికీ ముందుకొచ్చాడు.
నల్లచొక్కా మీద ఏదో రాసుంది.
రాతా అది?
ముళ్ళకంప తెచ్చి గుండెల మీద ఆరేసినట్టుంది.
"ఏంటయ్యా అది?" అన్నాను.
వాడు నవ్వి, చెవిలోంచి తీగ లాగి
కిటికీ కంతలోంచి నా చేతికిచ్చాడు.

నలభై ఆరేళ్ళ చెవి.
అందులో అప్పటిదాకా
నాన్న దగ్గు, కార్నివాల్ బాకాలు,
"లా పాస్, లా పాస్, లా పాస్" అని
టిక్కెట్లమ్మే దొనాత కేక.
ఒక్క దెబ్బకి తుప్పు వదిలింది.

గిటారు కాదది, గనిలో డ్రిల్లు.
ఇరవై రెండేళ్ళు నాన్న రాతికి ఆనించి నొక్కిన డ్రిల్లు,
ఇంటికొచ్చి సూపు గిన్నె పట్టుకున్నా
ఆయన చేతుల్లో ఆగకుండా ఆడుతుండేదే,
అదే వణుకు.
కాకపోతే దీనికెవరో తాళం కట్టారు.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"
"వేలున్నాయమ్మా."
వేలు!
నేనిక్కడ సంచులు లెక్కబెట్టుకుంటూ కూర్చున్నాను.

ఆ రోజునుంచి మొహాలు చూడటం మానేశాను.
చొక్కాలే చూస్తాను.
"మగాళ్ళ ఛాతీలవంక ఏంటా చూపు, కాసిల్దా?" అని
సూపర్‌వైజరు ఎలెయుతేరియో కసిరాడు.
చదువుతున్నా సారూ, అన్నాను.

రిజిస్టరు వెనక పేజీల్లో రాసుకుంటాను:
టోకెన్ 31, వ్రాన్‌గార్డ్, నార్వే. రేకుల మీద వడగళ్ళు.
టోకెన్ 8, సాల్ ముయెర్తా. ఊరు కోచబాంబా!
పక్కింట్లాంటి ఊళ్ళో ఇంత గోల జరుగుతుంటే
నాకెవరూ చెప్పలేదేం?
టోకెన్ 44, సెందాయ్ నుంచొచ్చిన బామ్మ,
ఎర్ర స్వెట్టరు, దాని కింద నల్లచొక్కా.
మనవరాలు డ్రమ్ములు కొడుతుందట.
బామ్మ బల్లమీద రెండు వేళ్ళతో కొట్టి చూపించింది.
బస్సు హారను కొట్టినా ఆపలేదు.
టోకెన్ 19, పేరు బాగుంది, పాట చప్పగా ఉంది. కొట్టేశాను.
టోకెన్ 52, కొట్టేసినదాన్నే ఇంకొకడు వినిపించాడు.
రెండోసారికి పట్టుకుంది. మళ్ళీ రాశాను.

ఏ భాషో తెలీదు. కొందరిది భాషే కాదట.
తెల్లారి మినీబస్సులో ఇంటికెళుతుంటే
పక్కావిడ, "తల నొప్పా అమ్మా, అలా ఊపుతున్నావు?" అని
నాలుగు కోకా ఆకులు చేతిలో పెట్టింది.
వద్దనలేదు.

అన్నీ దొరికాయి గానీ
మా మూటలు మోసే గ్రోవెర్ చొక్కా ఒక్కటే దొరకలేదు.
పాతబట్టల బేలులో అయిదు బొలివియానోలకి కొన్నాడు.
వేళ్ళ దాకా చేతులు, వీపున చిన్న కాలిన మచ్చ,
ముందు వేళ్ళూనిన ఎముకల్లాంటి అక్షరాలు.
నల్లచొక్కా వాడెవడు దిగినా
వాణ్ణి లాక్కెళ్ళి ముందు నిలబెడతాను.
ఒకడు స్వీడన్ అన్నాడు.
ఒకడు బ్యాండే కాదు, పచ్చబొట్ల కొట్టు ప్రకటన అన్నాడు.
ఒకమ్మాయి తల పక్కకి వాల్చి చాలాసేపు చూసి
"పేరు తెలీదు, కానీ బాగుంటుంది" అంది.
నేనూ అదే అనుకుంటున్నాను.

"చలికి తొడుక్కున్నా, నన్నొదిలెయ్యమ్మా" అంటాడు గ్రోవెర్.
ఉతికినప్పుడల్లా ఓ ముల్లు రాలిపోతోంది.
అందుకే ఇప్పుడా చొక్కా నేనే ఉతుకుతున్నాను,
తిరగేసి, చన్నీళ్ళలో, పిండకుండా.
రిజిస్టరులో ఓ వరస ఖాళీగా వదిలాను.

బుధవారం ఇకికె బస్సొస్తుంది.
గ్రోవెర్‌కి చెప్పాను,
ఎంత చలేసినా సరే, పైన జాకెట్టు వేసుకోవద్దని.