లాగౌట్ అయినంక

ముసఫ్ఫా క్యాంపు, పదకొండో నంబరు రూము.
ఎనిమిది మంచాలకు ఒక్కటే కంప్యూటరు,
కీబోర్డు మీద అరబ్బీ అక్షరాలు సగం అరిగినయి.

నెట్టు అగ్గువ ఒంటిగంట దాటినంకనే.
నిద్రపట్టనోడెవడో సిన్మ చూసి లాగౌట్ కొడతడు,
రాజలింగం క్రేన్ పాఠం
ముప్పై పర్సెంటు కాడ తెగిపోతది.

ఒక శుక్రవారం తలకు నూనె పెట్టుకొని కూసున్నడు.
డౌన్‌లోడ్ ప్రోగ్రామును సర్వీసు చేసిండు:
మనిషి లేకున్నా, మిషన్ లేస్తే తనూ లేవాలె.
ఏ ఖాతా కింద నడవాలె? అనడిగింది తెర.
"చూసినవా, దీనికి గూడ కఫీల్ కావాల్నట!"
రూమంతా నవ్వినం.
వాడు మాత్రం చాలాసేపు ఏమీ నొక్కలే.

ఆ తర్వాత అది ఎవలకూ కనబడలే.
గురకల నడుమ
డబ్బా మీది పచ్చ దీపం మినుకుతుండేది, అంతే.

మార్చిల వాణ్ని రువైస్ సైటుకు మార్చిండ్రు.
పొద్దున చెప్పి, మాపటికి పెట్టె కట్టిచ్చిండ్రు.

నిన్న జాగ నిండిందని కంప్యూటరు మొత్తుకుంటే
తెరిచి చూసిన:
నలభై ఒకటో పాఠం,
బరువు లేపే ముందు గాలి చూసుకొనుడు.
వాడు పోయిన తొమ్మిదో రాత్రి
మూడుంబావుకు దిగి కూసున్నది.

పెన్‌డ్రైవుల ఎక్కించి
రువైస్ పోయే ట్యాంకరు డ్రైవరు చేతికిచ్చిన.

సర్వీసును ఆపలే.
ఎట్ల ఆపాల్నో నాకు తెల్వదు.