ఏటి సొమ్ము

పగడాల దిబ్బలు మాకు లేవు.
గోదారి మోసుకొచ్చే ఒండ్రులో
పగడానికి ఊపిరాడదని
ఇనప చట్రం పట్టుకొచ్చిన మేడం చెప్పింది.
మాకున్నది ఆలిచిప్పల గట్టు.
భైరవపాలెం మొగ దగ్గర
పోటుకి మునిగి పాటుకి తేలే
ముసలి మొసలి వీపు.

సంగాడి నూకరత్నం అత్త
దాన్ని అరికాళ్లతో చదివింది.
నడుంలోతు నీళ్లలో బొటనవేలు దించి
ఇది బుడిత, ఇది ఉత్త పెంకు,
ఇది పీత బొక్క, తప్పుకో
అంటూ నడిచేది. తాడు కట్టిన తట్ట
దూడలా వెనకే తేలుతూ వచ్చేది.

నిరుడు కార్తీకంలో ఆ కాలు తడబడింది.
"కింద ఎవరో చాప పరిచారే" అంది.
పైకి తీస్తే గుప్పెడు నల్లటి గోళ్లు,
ఒకదాని పీచు ఒకదానికి ముడేసుకుని.

ఓడ కడుపులో నీళ్లట.
ఏ సముద్రం అవతలో నింపుకుని
కాకినాడ రేవులో సరుకెత్తే ముందు
కక్కేసి పోయే నీళ్లట.
పిల్ల గుల్ల సూదిమొనంత కూడా ఉండదు,
ఆపి అడిగేవాడెవడు?

దాని శాస్త్రం పేరు మేడం రెండుసార్లు పలికింది.
అత్త ఒక్కసారీ పలకలేదు.
"పేరెడితే ఉండిపోద్ది" అంది.

లెక్క రాసేది నేను.
రోజుకి నాలుగొందల యాభై, పడవ చమురు వేరే.
మొదటి చదరంలో పరాయివి ఆరొందల పన్నెండు.
ఆలిచిప్పలు తొమ్మిది, అందులో ఏడు నోరు తెరిచేసినవి.
బుడితల గడిలో సున్నా పెట్టబోతే
అత్త నా మణికట్టు పట్టుకుంది.
"సున్నా ఏంటే? ఇంకా చూళ్లేదని రాయి."

ఇక్కడొక సంగతి చెప్పాలి.
మా వాళ్లు ఏరిన ప్రతి తట్టలోంచీ
వేలిగోరు కన్నా చిన్నవి నీళ్లకి వదిలేస్తారు.
ఎవరూ నేర్పరు. అమ్మ చేతిని చూసి చెయ్యి నేర్చుకుంటుంది.
ఏటి సొమ్ము ఏటికి.
నలభై ఏళ్లుగా అత్త కుడిచెయ్యి ఏరుతుంటే
ఎడంచెయ్యి తిరిగిస్తూనే ఉంది.

"ఇవి మాత్రం వదలొద్దు" అంది మేడం,
"పిల్లలైనా సరే. ఒడ్డున ఎండబెట్టాలి."

ఎడంచెయ్యి నీళ్ల మీద ఆగిపోయింది.
గుప్పిట్లో బియ్యపు గింజలంత పిల్లలు
ఆమె వేళ్లనే రేవనుకుని పీచు వేస్తున్నాయి.
చాలాసేపు ఆగింది.
పాటు లాగేస్తోంది, పడవ బురదలో దిగిపోద్దని
నేను అరిచాను కూడా.
అప్పుడు తలగుడ్డ విప్పి
మూటకట్టి నా చేతికిచ్చింది,
నా మొహం చూడకుండా.

రాత్రంతా ఒడ్డున ఆ కుప్ప
టిక్కు టిక్కుమంటూనే ఉంది.
ఎండే గుల్ల నోరు తెరిచే చప్పుడు.
పాకలో పడుకుని ఇద్దరం విన్నాం.
"ఆటికేం తెలుసే, ఎవరింట్లో దిగాయో" అంది చీకట్లో.
తెల్లారి చట్రం తనే ఎత్తుకుంది.

ఏడో చదరంలో, చాప కింద,
ఒక బుడిత. గోరంత.
నేను ఒకటి అని రాసేలోపు
ఎడంచెయ్యి దాన్ని ఒండ్రులోకి దింపేసింది.

మేడం లెక్కలో అది లేదు.