జిగురు కాదు

పొడి నలభై గ్రాములు, ద్రవం ఒక గాజుబుడ్డి.
బుడ్డి మెడ విరిచామా,
ముక్కులో మేకు దిగినట్టు వాసన.
ఇరవై రెండేళ్లు కలిపాను దాన్ని
లాంకషైర్‌లో, వాన తెరిపివ్వని ఒక ఆసుపత్రిలో.
ఇప్పటికీ ఎవరైనా గోళ్లరంగు సీసా మూత తీస్తే
నా కళ్లు గోడ గడియారాన్ని వెతుకుతాయి.

ఆ రోజు బల్ల మీద ఎడ్నా హెస్కెత్.
నలభై ఏళ్లు మగ్గాల మిల్లులో నిలబడి
తుంటి అరిగింది, చెవులు పోయాయి.
మిల్లు ఆడవాళ్లు మాట వినరు, పెదవులు చదువుతారు.
మేమేమో అందరం మాస్కుల్లో.
నడుం కింద మొద్దుబారి, పైన మెలకువగా,
మూసిన పుస్తకాల్లాంటి మా మొహాలు
ఒక్కొక్కటే చూసింది.

ముందు రాత్రి పళ్లసెట్టు గ్లాసులో వేస్తూ చెప్పింది:
"మా ఆర్నాల్డ్ యుద్ధంలో
విమానాల కిటికీలకు రేకు వంచేవాడు.
గాజులా ఉంటుంది, గాజు కాదు.
వేడి చేస్తే రొట్టెపిండిలా ఒంగేదట."
నేను చెప్పలేదు,
ఆ రేకూ, గ్లాసులో నవ్వుతున్న గులాబి చిగుళ్లూ,
రేపు తన తొడలోకి వెళ్లేదీ
ఒకే ఇంటి పిల్లలని.

మొదట జావ. తర్వాత ముద్ద.
తొడుక్కున్న రబ్బరుకు అంటడం మానేసిన క్షణాన
అందించాలి. ముందైతే కారిపోతుంది,
కాస్త జాగైతే రాయి.

"సిమెంట్" అన్నాడు సర్జన్.
మత్తు డాక్టరు వేలు నాడి మీదికి వెళ్లింది.
కొందరి రక్తపోటు సరిగ్గా అప్పుడే జారుతుంది
తడిమెట్టు మీద కాలులా.
మూలుగు తీసిన గుంతలోకి బొటనవేలితో తోసి,
ఉక్కు కాడ దించి,
కదలకుండా పట్టుకున్నాడు.
ఎవరూ దగ్గలేదు.

మిగిలిన ముద్ద నా గుప్పిట్లో.
ఎముక లోపలి కబురు చెప్పేది అదొక్కటే.
కోడి కింది గుడ్డంత వెచ్చన,
తర్వాత కాలింది.
అప్పుడే ఎడ్నా పెదవులు కదిలాయి,
పళ్లు లేని నోరు, చప్పుడు లేని మాట.
నాకా చదువు రాదు.
ముద్దను బల్ల అంచుకేసి కొట్టాను. టక్.
వినబడదు ఆమెకు. అయినా
అదురు తెలిసినట్టు తల ఊపింది.

అందరూ జిగురనుకుంటారు.
అది దేనికీ అతుక్కోదు.
ఎముకలోని సన్నని గదుల్లో దూరి,
గట్టిపడి, అక్కడే ఉండిపోతుంది.

మూడోరోజు పళ్లు పెట్టుకుని,
నడక చట్రం పట్టుకుని ఎదురైంది.
ఆ రోజు ఏమన్నావని అడిగాను, పెదవులు బాగా కదిలిస్తూ.

"నీ మాస్కు వెనక ముడి జారిపోతోంది, పిల్లా," అంది.
"ఎవరు నేర్పారే ఆ ముడి?"