తరుగు

ఏనుమాముల మార్కెట్ల
మూడో నంబరు కాంటా నాది.
పందొమ్మిదేండ్లాయె.
బస్తా ఎక్కంగనే, ముల్లు నిలువక ముందే
బరువు చెప్తనని హమాలీలు పందెం కాస్తరు.
నాకు పందెం తెల్వది.
బరువు తెల్సు.

మిర్చి సీజన్ల
లారీ హారను, వేలం కేక, నెత్తి మీది మైకు
ఒక్కొక్క చప్పుడు ఒక్కొక్క బస్తా లెక్క
మెడ మీద పడ్తది.
దింపుకుందామంటే హమాలీ ఉండడు.
గోదాం వెనకకు పోయి
గోనెసంచుల కుట్లు లెక్కపెట్టుకుంట కూసుంట.
తిక్కలోడన్నరు. పొగరన్నరు.
"మొకం చూసి మాట్లాడడు, దొంగ గావచ్చు"
అన్నడొక సేటు.
మొకం చూస్తే నాకు మాట వినపడది,
మాట వింటే మొకం కనపడది.
రెండిట్ల ఏది గావాల్నో ఎవ్వలడిగిండ్రు?

అక్క మనుమనికి నాలుగేండ్లు, మాట రాలే.
హన్మకొండల డాక్టరమ్మ దగ్గరికి
నేనే తోల్కపోయిన.
నుజ్హతమ్మ వాన్ని అడిగిన ప్రతి ప్రశ్నకు
నా తల ఊగింది.
"మీకెన్నేండ్లు?" అన్నది నా దిక్కు తిరిగి.
"నలభై నాలుగేండ్ల రెండు నెలల పదకొండు రోజులు."
ఆమె పెన్ను కింద పెట్టింది.

పెద్దోళ్లకు వేరే కాగితాలు దొరుకుడు కష్టమట.
ఉన్నదాంట్ల బొమ్మలన్నీ పిల్లలయే:
బంతి, బెలూను, పుట్టినరోజు కేకు.
"విందుల్లో కలుపుగోలుగా ఉంటారా?" అని రాసుంది.
ఆమె కొట్టేసి అడిగింది:
"పెండ్లిల ఏం చేస్తరు ఓదెలు గారూ?"
చెప్పులు జతలు పెడ్త, అన్న.
నవ్వలే ఆమె. రాసుకుంది.

చిన్నప్పటి సంగతి చెప్పెటందుకు అమ్మ లేదు.
అక్కను పిలిపించిండ్రు.
"చింతగింజలు వరుస పెట్టేటోడు.
నేను ఊడ్చేస్తే గోడకు తల కొట్టుకునేటోడు.
అమ్మ పోయిననాడు ఏడ్వలే డాక్టరమ్మా,
పాడె కట్టిన తాళ్ల ముడులు లెక్కపెట్టిండు.
మూడేండ్లు నేను వీనితోని మాట్లాడ..."
అక్కడికి ఆగింది.
నలభై ఆరు ముడులు.
గిప్పుడు చెప్పాల్నా వద్దా తెల్వక
నేను గూడ ఆగిన.

ఆటిజం అన్నది డాక్టరమ్మ.
ఇన్నేండ్లు నా మీద పడ్డ మాటలన్నిట్ల
ఇదొక్కటే సరిగ్గ తూగింది.
తరుగు తియ్యలే.

సర్టిఫికెట్ క్యాంపుల మాత్రం తీసిండ్రు.
"మాట్లాడ్తున్నవ్, కొలువు చేస్తున్నవ్,
నీకేం తక్కువ?
పిల్లలనైతే తీస్కరా, రాస్తం."
ఎంత శాతం తక్కువైతే
మనిషిని పూర్తిగ నమ్ముతరో
ఆ లెక్క నాకు ఇప్పటికీ రాదు.

డాక్టరమ్మ మార్కెట్‌కు చీటీ రాసింది:
మైకు మొకం తిప్పండి.
పని నోటితోని గాదు, కాగితం మీద చెప్పండి.
పూటకు పది నిమిషాలు ఒక్కన్నే ఉండనియ్యండి.
కార్యదర్శి సదివి ఫైల్ల పెట్టిండు.
ఫైలు బీరువల పెట్టిండు.
బీరువ చప్పుడైంది.

మేస్త్రి యాకూబుకు సదువు రాదు.
నాతోని చీటీ సదివిపిచ్చుకున్నడు,
రెండుసార్లు.
తెల్లారి స్తంభం ఎక్కి
మైకును పత్తి షెడ్డు దిక్కు తిప్పిండు.
ఒక్క పానా, రెండు బోల్టులు.
పందొమ్మిదేండ్లు.

పొద్దుగూకి ఇంటికొస్తే
నడింట్ల చింతగింజలు, గడప దాక ఒకటే వరుస.
పిల్లగాడు బోర్ల పడుకొని చూస్తున్నడు.
అక్క చీపురు పట్టుకొని వచ్చింది.
నా దిక్కు చూడలే.
చీరె కుచ్చెళ్లు ఎత్తిపట్టి
వరుస దాటి
అవుతల నుంచి ఊడ్చుకుంట పోయింది.