బండి పెట్టిన జాగ

ఆదివారం పొద్దుగాల ఆరున్నరకు
నల్లగొండ గడియారం సెంటర్ల ఎక్కుతరు.
తెల్ల టోపీలు, మెడల పేరుబిళ్లలు,
నీళ్ల డబ్బాలు రెండు.
మా దిక్కు నీళ్లంటే ఇంకా జంకే, పండ్లు గార పడతయని.
సుదర్శనం సారు మైకు ఊది చూస్తడు:
హలో, హలో, యుద్ధభూమి యాత్రకు స్వాగతం.

నేను డ్రైవర్ను.
ఇది పదిహేడో ట్రిప్పు.
తొలిసారి సారు చెప్పినప్పుడు బురుజు మీద నలభై మంది,
ఎండకాలం వచ్చేసరికి అరవై,
ఇయ్యాల ఎంతమందో.
అబద్ధమని అంటలేను.
చెప్పంగ చెప్పంగ సచ్చినోళ్లు గూడ
పక్కూర్ల నుంచి చుట్టాలను పిలుసుకుంటరు.

నకిరేకల్లు దాటినంక బత్తాయి తోటలు, పత్తి చేన్లు,
మట్టిరోడ్డు మలిగితే తుమ్మలబండ.
సగం కూలిన బురుజు.
సారు కర్ర ఎత్తి చూపిస్తడు:
ఇగో ఇది తూటా దెబ్బ,
ఇక్కడ ఆడోళ్లు కారంపొడి ముంతలు పెట్టుకున్నరు,
ఆ పై వరస నుంచి వడిసెల రాళ్లు.
అందరు గుంతల వేలు పెట్టి చూస్తరు.
వేళ్లు తగిలి తగిలి అంచు నున్నగైంది.
అండ్ల రెండు తూటాలవి గావు,
చిలుకలు తొలిచినయి.
నాకెర్కనే. ఊకుంట.

నా పని బండి నీడకు పెట్టుడు.
వాగొడ్డున తుమ్మచెట్టు కింద పెడత.
అక్కడ బోర్డు లేదు.
సారు పంచే మ్యాపుల ఆ జాగ
ఉత్త తెల్ల కాగితం.

మా తాత మైసయ్య గూడ ఇక్కడ్నే పెట్టిండు బండి.
ఆ రాత్రి.
ఎడ్లబండి. వెట్టిబండి.
గడీ నుంచి కబురొస్తే కట్టిండు.
పన్నెండు మంది పోలీసోళ్లను ఎక్కిచ్చుకొని,
గడ్డి కింద తుపాకులు దాసి,
ఎడ్ల మెడల గజ్జెలు విప్పి
(విప్పమన్నరు, విప్పిండు)
మూడు కోసులు తోలిండు ఈ ఊరి మీదికి.
ఎర్కలేని ఊరు గాదు,
సొంత చెల్లెను ఇచ్చిన ఊరు.

నాయిన చెప్పేటోడు:
తాత కావాల్ననే ఇరుసు చీల పీకిండు,
వాగుల చక్రం ఊడింది,
ఆ గడియసేపట్లనే ఊరు మేల్కున్నదని.
నాయినమ్మ ఎన్నడు ఒప్పుకోలే.
ఏం పీకలే. భయపడ్డడు. తోలిండు, అంటది.
తర్వాత పొయ్యిల కట్టె ఎగదోసి,
మెల్లగ ఇంకొక్క మాట:
వచ్చేటప్పుడు బండి తేలికైందట,
ఎడ్లు ఇల్లు యాదికొచ్చి ఉరికినయట,
ఆ ఉరుకుడే
సచ్చేదాంక ఆయన చెవులల్ల ఉన్నదట.

ఇయ్యాల అఫ్రీన్ అనే పిల్ల, తొమ్మిదో తరగతేమో,
టోపీ తీసి అడిగింది:
సార్, పోలీసులు దేని మీద వచ్చిండ్రు?
బండ్ల మీదమ్మా.
ఎవరు తోలిండ్రు?
సారు కాగితాలు తిప్పిండు, ముందుకు, మళ్ల ఎనక్కు.
స్థానికులు, అన్నడు.
మైకు గీక్కుమన్నది.
నేను టైర్ల గాలి చూస్తున్నట్టు వంగిన.

రెండింటికి పులిహోర పొట్లాలు.
ఎవరో బురుజు రాయి ఒకటి సంచిల వేసుకున్నరు,
సారు తిట్టి తీపిచ్చిండు.
నేను తలలు లెక్కపెట్టిన. ముప్పై రెండు.
మళ్ల పెట్టిన. ముప్పై రెండు.
బండి వచ్చినంత బరువే ఉన్నది.

సారుకు నా మీద ఒక్కటే ఫిర్యాదు.
ఏందయ్యా, వచ్చిన ప్రతిసారి
పొలిమేర కాడ్నుంచి బురుజు దాంక
తెగకుంట ఆ హారన్ ఎందుకు,
అడ్డమెవరన్న ఉన్నరా?

లేరు సార్, అంట.
వచ్చే నెల గూడ కొడత.