మెట్ల మీద

తొమ్మిదింటికి తెరుస్తారు.
ఏడున్నరకే ఆఫీసుకి చేరాం, నేనూ,
తోట గల ఓర్నెల్లా జిరౌదో గారూ,
ఆమె వెనకే, గుమ్మం దగ్గర బూట్ల బురద రాల్చుకుంటూ
తియెమొకో.
బయట సలుత్సో ఊరిని పొగమంచు మింగేసింది.
కొండలు ఉన్నాయన్న నమ్మకం మీదే ఉన్నాయి.

ఫారం నిన్ననే నింపి పెట్టాను.
ఒక్క గడి మిగిలింది:
కార్మికుడు ప్రస్తుతం ఉన్న చోటు.

కాయ్ పట్టణం, మాలి దేశం, అని కొట్టాలి.
ఇక్కడున్నవాడికి ఇక్కడుండే కాగితం ఇవ్వరు.
లేనివాణ్ణే రమ్మంటుంది చట్టం.
ఆ లేనివాడు నా ఎదురు కుర్చీలో కూర్చుని
కోటు జేబులోంచి పియర్ పండు తీసి
మడత కత్తితో తొక్క తీస్తున్నాడు,
ఎక్కడా తెగకుండా, ఒకటే పొడుగు రిబ్బను.

పదిహేడేళ్ళ సర్వీసు నాది. అబద్ధాలు కొత్త కాదు.
కానీ మనిషి పండు ముక్క కోసి చేతికిస్తుంటే
అతను సముద్రానికీ ఎడారికీ అవతల ఉన్నాడని రాయడానికి
వేళ్ళు రాలేదు.
"కాసేపు మెట్ల మీద కూర్చుంటావా?" అన్నాను.
అర్థమైంది. నవ్వాడు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.
కుర్చీ ఖాళీ.
అప్పుడు కొట్టాను: మాలి.

ఓర్నెల్లా గారు కిటికీకేసి తిరిగి
ఎవరితోనో తగువాడుతున్నట్టు గొణుగుతోంది:
ఆరేళ్ళు. నా కివీ పందిళ్ళన్నీ వాడికే తెలుసు.
ఏ తీగ కాస్తుందో, ఏది ఉత్త ఆకు వేసి ఊరుకుంటుందో.
నిరుడు వడగళ్ళ రాత్రి వల కప్పిందెవరు,
రోమ్ నుంచి వచ్చారా వాళ్ళు?

ఎనిమిదీ యాభై ఎనిమిది.
పెళ్ళిపీటల మీద కూడా ఇంత పట్టింపుగా
ముహూర్తం చూసి ఉండరెవరూ.
దేశమంతా ఎన్ని గదుల్లో ఎన్ని వేళ్ళు
ఇదే మీట మీద ఊపిరి బిగబట్టి ఉన్నాయో.
ఈ ఏటికి ఇంతమంది చాలని ఎవరో ఒక అంకె వేశారు.
వేసినవాళ్ళు ఫిబ్రవరిలో కొమ్మ కత్తిరించి ఎరగరు.
కొమ్మ కత్తిరించేవాడు
ముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాడు.

తొమ్మిది.

నొక్కాను.
తెర మీద చిన్న చక్రం తిరిగింది. తిరిగింది.
తొమ్మిదీ మూడుకి
దరఖాస్తు అందిందని ఒక వరుస సంఖ్య వచ్చింది,
ఆ అంకె కంటే చాలా పెద్దది.
సున్నా ఒకటి ఎక్కువ చూశానేమోనని
వేలు పెట్టి మళ్ళీ చదివాను.

ఓర్నెల్లా గారు మా కొండ యాసలో ఒక తిట్టు తిట్టింది.
ఆదివారం ఆదివారం చర్చికెళ్ళే మనిషి.

తలుపు తీశాను.
మూడో మెట్టు మీద, గోడకి ఆనుకుని,
పియర్ తొక్కని చుట్ట చుట్టి రుమాల్లో పెట్టుకుంటున్నాడు.
నా మొహం చూశాడు. ఏమీ అడగలేదు.
లేచి, ప్యాంటు దులుపుకుని,
"కాయ్‌లో ఉన్నవాడికి నువ్వే ఫోన్ చెయ్యి," అన్నాడు,
"ఈ ఏడు రావద్దని చెప్పు. ఇక్కడ చలి ఎక్కువ."

తర్వాత ఆమె వైపు తిరిగి,
కింది పందిట్లో ఇంకా నాలుగు వరుసలున్నాయి,
మంచు విడిచేలోపు మొదలుపెడదామా, అని అడిగాడు.