ఒకరిలో ఒకటో ర్యాంకు

తెల్లవారుజామున నాలుగింటికి మంచు తోసే బండెక్కి
ఎనిమిదింటికి దిగొచ్చి
బూట్లు విప్పకుండానే
ప్రిన్సిపాల్‌నవుతాను.

వంటింటి బల్ల మీద
నిన్నటి కాఫీ మరక పక్కన
కాలేజీ వాళ్ల ఫారం.
పాఠశాల పేరు?
ఖాళీ వదిలితే కంప్యూటరు ఒప్పుకోదట.
కొస్కెల ఇల్లు, మిషిగన్ ఉత్తరపు కొస, అని కొట్టాను.
పన్నెండో తరగతిలో విద్యార్థులు: ఒకరు.
ర్యాంకు: ఒకటి.
"ఆఖరి ర్యాంకు కూడా అదేగా" అంది ఐలీ
రొట్టెకి వెన్న రాసుకుంటూ.
చాలా రోజులకి నవ్వింది.
ఫారం మీద రొట్టె పొడి రాలింది.

ఆగస్టులో కదా బడి మానింది.
ఇంకొక్క ఏడాదే, కళ్లు మూసుకుని లాగించెయ్యమన్నారు,
చర్చిలో సెల్మా, పోస్టాఫీసులో వైనో,
ఆఖరికి నేనూ.
ఒడ్డు కనబడుతుంటే నీళ్లలోకి దూకుతారా ఎవరైనా అని.

కానీ మే నెలంతా చూసింది నేనే.
బడి ముందు కారు ఆపితే
తలుపు పిడి మీద చెయ్యేసి
అలాగే కూర్చునేది.
మొదటి గంట మోగేది. రెండో గంట మోగేది.
పిడి మీద వేళ్లు తెల్లబడేవి.
ఏమైందే అంటే ఏమీ కాలేదనేది.
నిజంగానే ఏమీ కాలేదేమో.
ఏమీ కాకుండానే ఒక పిల్ల
రోజుకి కాస్త చొప్పున అరిగిపోతుందని
నాకప్పటిదాకా తెలీదు.

అందుకే ఇప్పుడు మార్కుల పట్టీ నాది.
కోర్సులకి పేర్లు పెట్టడం
పిల్లకి పేరు పెట్టినంత తేలిక కాదు.
ఇంటి వెనక సరస్సు గడ్డకట్టిన రోజు నించీ
పొద్దున్నే దాని మీదికి నడిచి
బరమాతో కన్నం వేసి, మందం కొలిచి
నీలం నోటుబుక్కులో రాస్తుంది:
మూడంగుళాలు. ఐదుంబావు.
ఉత్తరపు గాలి.
రాత్రి మంచు మూడుసార్లు మూలిగింది.
దీన్ని ఏ సబ్జెక్టు కింద వెయ్యను?
మూలుగుకి ఎన్ని క్రెడిట్లు?

చరిత్రలో బి ప్లస్ ఇచ్చాను.
పోట్లాటకొచ్చింది.
రాగి గనుల సమ్మె వ్యాసం సగంలో ఆపేశావుగా అన్నాను.
ముత్తాత సంగతి దగ్గరికొచ్చేసరికి
చెయ్యి ఆడలేదంది.
అయినా బి ప్లస్సే ఉంచాను.
ప్రిన్సిపాల్‌కి జాలి పనికిరాదు.
తర్వాత ప్రిన్సిపాల్ వెళ్లి గిన్నెలు తోమింది.

చివరి పేజీ కౌన్సెలర్‌ది.
అదీ నేనే.
ఈ విద్యార్థిని మీకు ఎంతకాలంగా తెలుసు?
పదిహేడేళ్లు అని రాసి
ఆ ముందు తొమ్మిది నెలలు కలపాలా అని ఆగాను.
ఏ హోదాలో తెలుసు?
కాకిపిల్ల కాకికి ముద్దు, ఏం రాసినా అంతే అనుకుంటారు.
తెలివైనదంటే నమ్మరు.
కష్టజీవి అని ప్రతి బడీ రాస్తుంది.

రెండు రాత్రులు చెరిపి చెరిపి ఇది రాశాను:
"జనవరి పదకొండున మైనస్ ఇరవై రెండు.
నేను వద్దన్నాను. వెళ్లింది.
తిరిగొచ్చి, ఎవరూ అడక్కుండానే,
ముందురోజు కొలత తప్పని
కొట్టేసి పక్కన సరైనది రాసుకుంది.
కొట్టేసింది కూడా చదవడానికి వీలుగా ఉంచింది.
ఆ పేజీ జతపరుస్తున్నాను."

సంతకం పెట్టాను: హిల్యా కొస్కెల, కౌన్సెలర్.
కింద, తల్లి అన్న చోట, ఇంకోటి.
రెండూ ఒకేలా ఉంటే అనుమానిస్తారేమోనని
రెండోదాన్ని కాస్త వంకరగా పెట్టాను.
అదే నా అసలు సంతకంలా వచ్చింది.

జవాబు మార్చిలోనట.

మంచు మార్చిదాకా ఆగుతుందా.
ఇవాళా నాలుగింటికి బండెక్కాను.
నా వంతులో మొదటి రోడ్డు
బడి బస్సు వెళ్లేదే,
ఆరున్నరలోపు తోసెయ్యాలి.
మలుపులో బస్సు ఎదురైంది,
కిటికీల నిండా పసుపు వెలుతురు, నిద్రమొహాలు.
బ్లేడు పైకెత్తి పక్కకి ఆగాను.
డ్రైవరు చెయ్యూపాడు.
మా ఇంటి ముందు ఇప్పటికీ ఒక్కోరోజు
బస్సు నెమ్మదిస్తుందట,
గుర్తొచ్చి కదులుతుందట,
ఐలీ చెప్పింది,
కిటికీలోంచి చూస్తుంది కాబోలు.

బ్లేడు దించాను.
ఇంకా పదకొండు మైళ్లుంది.